దుర్గాబాయి విద్యార్థి జీవితం

అన్యాయమని తోచినదానిని నలుగురి ఎదుట అన్యాయమని చెప్పగలగడం గొప్ప గుణం. ఒకప్పుడు తాను గట్టిగా నమ్మి పలికిన మాటను కాలక్రమంలో తానే పరీక్షించుకొని, అవసరమైనచోట సరిదిద్దుకొనగలగడం అంతకంటె కష్టమైన గుణం. ఈ రెండు గుణాలు ఒకే వ్యక్తిలో కలిసి ఉండడం అరుదు. అటువంటి అరుదైన వ్యక్తులలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ఆంధ్ర మహిళా సభ వ్యవస్థాపకురాలిగా ఆమె కీర్తి దేశమంతటా వ్యాపించింది. అయితే ఆ కీర్తికి పునాది పడింది ఆమె విద్యార్థి జీవితంలోనే. ఆ జీవితం అందరి విద్యార్థి జీవితంవలె వరుసగా సాగలేదు. బాల్యంలో ఆగిపోయి, కారాగారం దాటి వచ్చిన తరువాత మళ్ళీ మొదలైంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. మధ్యతరగతి కుటుంబం. పరుల కష్టాన్ని తమ కష్టంగా భావించే గుణం ఆ ఇంటిలో ఉండేది. అయినప్పటికీ ఆనాటి ఆచారం ఆ ఇంటినీ విడిచిపెట్టలేదు. ఎనిమిదేళ్ళ ప్రాయంలోనే దుర్గాబాయికి వివాహం జరిగిపోయింది. వివాహమంటే ఏమిటో తెలియని వయసులో తనకు తెలియకుండా తీసుకొన్న ఆ నిర్ణయాన్ని, ఊహ తెలిసిన తరువాత ఆమె అంగీకరించలేకపోయారు. పదిహేనవ యేట ఆ బంధం నుంచి తొలగి, భర్త వేరొక వివాహం చేసుకొనడానికి సమ్మతించారు. స్త్రీ తన జీవితాన్ని గురించి తాను మాట్లాడడమే తప్పుగా ఎంచే ఆ కాలంలో ఒక బాలిక ఇటువంటి నిర్ణయం తీసుకొనడానికి ఎంత మనోధైర్యం కావలసి ఉంటుందో ఊహించవచ్చు.

చిన్ననాడే ఆమెకు హిందీ నేర్చుకొనే అవకాశం లభించింది. పొరుగున ఉన్న ఉపాధ్యాయుని వద్ద శ్రద్ధగా ఆ భాషను అభ్యసించారు. ఆ రోజులలో సహాయ నిరాకరణోద్యమం ఉద్ధృతంగా సాగుతున్నది. విదేశీ వస్త్రాలనూ, విదేశీ ప్రభుత్వం నడిపే విద్యాలయాలనూ విడిచిపెట్టాలన్న పిలుపు ఊరూరా మారుమ్రోగుతున్నది. పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని ప్రవేశపెట్టడం పన్నెండేళ్ళ దుర్గాబాయికి ఏమాత్రం నచ్చలేదు. మాతృభాషను కాదని పరాయి పాలకుల భాషలో చదువుకొనడం ఆత్మగౌరవానికి భంగకరమని భావించి పాఠశాల విడిచిపెట్టారు. విడిచిపెట్టి ఊరకుండలేదు. తనకు వచ్చిన హిందీని ఇతర స్త్రీలకు నేర్పడానికి ఒక బాలికా హిందీ పాఠశాలను ప్రారంభించారు. ఆమె వద్ద చదువుకొన్నవారిలో ఆమెకంటె వయసులో ఎంతో పెద్దవారు కూడా ఉండేవారు. ఆనాడు ఆమె తీసుకొన్న నిర్ణయంలో దేశభక్తి ఉంది, పసితనపు పట్టుదల ఉంది. ఆ రెండింటిలో ఏది నిలుపుకోదగినదో, ఏది సవరించుకోదగినదో ఆమె గుర్తించడానికి మరో పదేళ్ళకు పైగా పట్టింది.

1921 ఏప్రిల్‌లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చారు. ఆ సందర్భంలో దుర్గాబాయికి ఒక కోరిక కలిగింది. దేవదాసీలూ, పరదా చాటున ఉండే ముస్లిం స్త్రీలూ గాంధీజీ మాటలు వినాలి. ఆయన వారితో మాట్లాడితే వారిని పట్టి పీడిస్తున్న దురాచారాలనుండి బయటపడే మార్గం వారికి దొరకవచ్చునని ఆమె ఆశ. దేవదాసీల ఇండ్ల గడప తొక్కడమే అపచారంగా భావించే సమాజం అది. గౌరవ కుటుంబాల స్త్రీలు వారి పేరెత్తడానికి కూడా వెనుకాడేవారు. అటువంటి వాతావరణంలో పెరిగిన పన్నెండేళ్ళయినా నిండని బాలిక ఆ ఎల్లను దాటి వెళ్ళి వారితో మాట్లాడారు. వారిని దూరంగా ఉంచడానికి సమాజం చెప్పే కారణాలను ఆమె అడుగకుండానే నమ్మి ఉండవచ్చు, కాని నమ్మలేదు.

గాంధీజీ పర్యటనను నిర్వహిస్తున్న పెద్దలను ఆమె కలిసి, ఈ స్త్రీల కోసం కొద్దిసేపు కేటాయించవలసిందిగా కోరారు. అందుకు ఐదువేల రూపాయల నిధి సమకూర్చి ఇవ్వవలసి ఉంటుందని వారు చెప్పారు. చిన్నపిల్ల అంత ధనం ఎక్కడ తేగలదు అన్న ఆలోచన వారికి ఉండే ఉంటుంది. దుర్గాబాయి నిరుత్సాహపడలేదు. దేవదాసీలకు సంగతి చెప్పగా వారే ముందుకు వచ్చి ఆ ధనాన్ని సమకూర్చారు. ఊరిలోని ఒక పాఠశాల ఆవరణలో సభకు స్థలం దొరికింది. ఆనాడు పెద్దసంఖ్యలో స్త్రీలు అక్కడ చేరారు. కొద్ది నిమిషాలే ఉండవలసిన గాంధీజీ అరగంటకు పైగా వారితో గడిపారు. స్త్రీలు తమ ఒంటిపైనున్న నగలను తీసి ఆయనకు సమర్పించారు. ఇరవై ఐదువేల రూపాయలు పోగయినవి. గాంధీజీ హిందీ ప్రసంగాన్ని దుర్గాబాయి తెలుగులోకి అనువదించారు. ఆ అనువాదం ఆయనకు ఎంతో నచ్చింది. తరువాతి బహిరంగసభలోనూ, అనువదించడానికి కొండా వెంకటప్పయ్య వంటి పెద్దలు ఉన్నప్పటికీ, ఆ బాలికనే అనువదించమని ఆయన కోరారు. పెద్దల మధ్య నోరు విప్పిన ఒక బాలిక వేలమందికి గాంధీజీ మాటను వినిపించే వాహిక అయింది. అంతటితో ఆ కుటుంబంలో ఖద్దరు ధారణ వ్రతమైంది.

1923 డిసెంబరులో కాకినాడలో అఖిల భారత కాంగ్రెసు మహాసభ జరిగింది. దుర్గాబాయి అప్పుడు పధ్నాలుగేళ్ళ స్వచ్ఛంద సేవిక. మహాసభకు అనుబంధంగా ఏర్పాటైన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారం వద్ద ఆమెను నిలబెట్టారు. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆమెకు చెప్పిన నియమం. ఆ ద్వారం వద్దకు జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. ఆయన వద్ద టిక్కెట్టు లేదు, దానిని కొనడానికి తగిన చిల్లరా లేదు. దుర్గాబాయి ఆయనను లోనికి పోనీయలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను మందలించారు. తనకు చెప్పిన నియమాన్నే తాను పాటిస్తున్నానని ఆమె వినయంగా సమాధానమిచ్చారు. చివరకు వారు టిక్కెట్టు కొని తెచ్చి ఇచ్చిన తరువాతనే నెహ్రూ లోనికి వెళ్ళారు. ఆయన కోపగించుకొనలేదు సరికదా, ఆ బాలిక కర్తవ్యనిష్ఠను మెచ్చుకొన్నారు. నియమమంటూ ఉంటే అది సామాన్యునికీ, మహానాయకునికీ సమానంగా వర్తించాలన్న సూత్రాన్ని ఆమె అంత చిన్న వయసులోనే ఆచరణలో చూపారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం ప్రారంభమైనప్పుడు దుర్గాబాయి మద్రాసులో ఆ ఉద్యమానికి ముందు నిలిచినవారిలో ఒకరయ్యారు. 1930, 1933 సంవత్సరాల మధ్య ఆమె పలుమార్లు కారాగార శిక్షను అనుభవించారు. వేలూరు కారాగారంలోను, మధుర కారాగారంలోను ఉన్నారు. మధురలో ఆమెను ఏకాంత ఖైదులో ఉంచారు. ఆ నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని బాగా దెబ్బతీసింది. కాని ఆమె మనస్సును మార్చినది ఆ శారీరక బాధ కాదు. హత్యానేరంపై శిక్ష అనుభవిస్తున్న స్త్రీలను ఆమె అక్కడ దగ్గరగా చూశారు. వారి కథలు విన్నారు. ఏ నేరానికి ఏ శిక్షయో తెలియనివారు, న్యాయస్థానంలో తమ పక్షాన ఏమి చెప్పుకోవాలో తెలియనివారు, చెప్పుకొనడానికి సహాయపడేవారు లేనివారు వారిలో ఉన్నారు. అక్షరం రాకపోవడం, చట్టం తెలియకపోవడం ఒక మనిషిని కారాగారం దాకా తీసుకొని రాగలవని ఆమెకు ప్రత్యక్షంగా తెలిసింది.

ఆ స్త్రీలకు సహాయపడాలంటే ధైర్యం ఒక్కటే చాలదు. న్యాయశాస్త్రం తెలియాలి. న్యాయశాస్త్రం చదవాలంటే పట్టభద్రురాలు కావాలి. పట్టభద్రురాలు కావాలంటే ముందుగా మెట్రిక్యులేషన్ గట్టెక్కాలి. వీటన్నింటికీ ఆంగ్లభాష కావాలి. ఆనాటి చట్టాలు, తీర్పులు, ఉన్నతవిద్య అన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. పన్నెండవ యేట ఆత్మగౌరవం కోసం ఏ భాషను కాదని పాఠశాల విడిచి వచ్చారో, ఇప్పుడు ఇతరుల మేలు కోసం ఆ భాష తలుపే తట్టవలసి వచ్చింది. ఇటువంటి సందర్భంలో చాలామందికి అహం అడ్డు వస్తుంది. వెనుకటి మాటను కాపాడుకొనడానికి ముందున్న పనిని విడిచిపెడతారు. దుర్గాబాయి అలా చేయలేదు. మాతృభాషపై తన అభిమానాన్ని ఆమె వదులుకొనలేదు. పరభాషపై పెంచుకొన్న విముఖతను మాత్రం వదులుకొన్నారు. ఒక భాషను ప్రజలపై రుద్దడాన్ని వ్యతిరేకించడం వేరు, ఆ భాషనే ద్వేషించడం వేరు అన్న భేదాన్ని ఆమె జీవితం నిరూపించింది.

కారాగారం నుండి విడుదలైన తరువాత ఆమె క్రియాశీల రాజకీయాలనుండి తొలగి చదువుకు పూనుకొన్నారు. దేశమంతటా పేరు వస్తున్న సమయంలో వేదికలు విడిచి పాఠ్యపుస్తకాల ముందు కూర్చొనడం సామాన్యమైన విషయం కాదు. ఇరవై ఏళ్ళు దాటిన వయసులో ఆంగ్లం నేర్చుకొంటూ, కాశీ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షలోను, ఇంటర్మీడియట్ పరీక్షలోను ఉత్తీర్ణులయ్యారు. బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదవాలని ఆమె సంకల్పం. కాని ఆ శాస్త్రం స్త్రీలకు తగినది కాదన్న అభిప్రాయం ఆనాడు కాశీలో బలంగా ఉండేది. రాజకీయోద్యమంలో పాల్గొని కారాగారానికి వెళ్ళివచ్చిన స్త్రీకి రాజనీతిశాస్త్రం తగదనడంలోని వైచిత్ర్యాన్ని గమనించండి. దుర్గాబాయి తన సంకల్పాన్ని మార్చుకొనలేదు. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు.

అక్కడ వేరొక ఆటంకం ఎదురైంది. స్త్రీలకు ప్రత్యేక వసతిగృహం లేదు కనుక ఆమెను చేర్చుకొనడం సాధ్యం కాదని విశ్వవిద్యాలయ అధికారులు చెప్పారు. విద్యార్థినులు లేరు కనుక వసతిగృహం లేదు. వసతిగృహం లేదు కనుక విద్యార్థినులు లేరు. ఈ వలయాన్ని ఎవరో ఒకరు ఛేదించవలసి ఉంది. తనకొక్కరికి మినహాయింపు ఇమ్మని దుర్గాబాయి ప్రాధేయపడి ఉండవచ్చు. ఆమెకున్న పేరుకు ఆ మినహాయింపు దొరికి ఉండేదేమో కూడా. కాని ఆమె ఆలోచన వేరుగా సాగింది. తనవలెనే చదువుకోవాలని కోరిక ఉండి, వసతి లేక ఆగిపోయిన బాలికలు ఇంకెందరో ఉంటారని ఆమె గ్రహించారు. అటువంటివారు తనకు తెలియజేయవలసిందని పత్రికలో ప్రకటన ఇచ్చారు. కొందరు యువతులు స్పందించారు. వారందరినీ కలుపుకొని ఒక ఇంటిలో వసతిగృహాన్ని ఏర్పాటు చేశారు. వసతి లేదన్న కారణం ఇక మిగలలేదు. విశ్వవిద్యాలయం ఆమెతోపాటు మిగిలినవారికీ ద్వారాలు తెరిచింది.

విద్యార్థి నాయకత్వానికి ఇది చక్కని నిదర్శనం. దుర్గాబాయి ఏ సంఘానికీ ఎన్నికైన నాయకురాలు కాదు. అప్పటికి ఇంకా విద్యార్థినిగా చేరను కూడా లేదు. ఆమె అధికారులను దూషించలేదు. వారి మాటను శిరసావహించి వెనుదిరగనూ లేదు. వారు చూపిన కారణాన్ని శ్రద్ధగా విని, ఆ కారణాన్నే లేకుండా చేశారు. తన ఒక్కరి ఇబ్బంది వెనుక దాగి ఉన్న పలువురి ఇబ్బందిని చూడగలగడంలోనే ఆమె నాయకత్వం ఉంది. 1939లో ఆమె రాజనీతిశాస్త్రంలో ఆనర్స్ పట్టం పొందారు. తరువాత మద్రాసులో న్యాయశాస్త్రం చదివి న్యాయవాదిగా నమోదయ్యారు. మధుర కారాగారంలో మొలకెత్తిన సంకల్పం దాదాపు పదేళ్ళకు ఫలించింది.

తాను చదువుకొంటున్న కాలంలోనే ఇతరుల చదువుకూ ఆమె దారి వేశారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలను కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం ఆ సంస్థ తొలి కార్యక్రమాలలో ఒకటి. బాల్యంలో వివాహమైనవారికి, భర్తను కోల్పోయినవారికి, నిరాదరణకు గురైనవారికి ఆ తరగతులు కొత్త జీవితాన్ని ఇచ్చాయి. వయసు మించిన తరువాత చదువుకు కూర్చొనే స్త్రీకి ఎదురయ్యే సంకోచం ఎటువంటిదో దుర్గాబాయికి స్వానుభవం. కనుకనే ఆ స్త్రీల అవసరం ఆమెకు అంత స్పష్టంగా కనిపించింది. తరువాతి కాలంలో ఆ సభ హైదరాబాదుకూ విస్తరించి, విద్యాలయాలను, వైద్యాలయాలను నెలకొల్పింది.

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. ఆ సభలో స్త్రీలు పదిహేనుమంది మాత్రమే. సభాధ్యక్షుల వరుసలో స్థానం పొందిన ఏకైక మహిళ ఆమెయే. చర్చలలో విరివిగా పాల్గొని ఎన్నో సవరణలు ప్రతిపాదించారు. వాటిలో ఒకటి యువతకు సంబంధించినది. నేడు మనం రాజ్యసభ అని పిలిచే సభలో సభ్యత్వానికి కనీస వయసు ముప్పై ఐదేళ్ళు ఉండాలని ముసాయిదాలో ఉండగా, దానిని ముప్పైకి తగ్గించాలని ఆమె కోరారు. వివేకం వయసునుబట్టి మాత్రమే వచ్చేది కాదని ఆమె వాదం. పన్నెండేళ్ళ వయసులో పెద్దల ముందు నిలబడి మాట్లాడిన వ్యక్తికి ఆ మాట చెప్పే అర్హత సంపూర్ణంగా ఉంది. ఆ సవరణను సభ ఆమోదించింది.

1949 సెప్టెంబరులో అధికార భాషపై జరిగిన చర్చలో దుర్గాబాయి ప్రసంగం మరింత గమనించదగినది. ఆమె హిందీ ప్రచారం కోసం బాల్యంనుండి శ్రమించినవారు. ఆ భాషను వందలమంది స్త్రీలకు నేర్పినవారు. కనుక హిందీ పక్షంవారు ఆమెను తమ మనిషిగానే భావించి ఉంటారు. కాని ఆనాడు ఆమె తన పక్షంలోని తొందరపాటునే ఎత్తిచూపారు. హిందీ, ఉర్దూలను కలుపుకొన్న హిందుస్తానీ జాతీయభాష కావాలని కోరుతూనే, హిందీ అభిమానులు కొందరు చేస్తున్న మితిమీరిన ప్రచారం తనవంటి హిందీ తెలిసినవారి మద్దతును కూడా దూరం చేస్తున్నదని హెచ్చరించారు. హిందీ రాని ప్రాంతాల ప్రజలు సిద్ధం కావడానికి పదిహేనేళ్ళ వ్యవధి ఇవ్వాలని వాదించారు. ఎదుటి పక్షాన్ని విమర్శించడం సులభం. తనవారి మధ్య నిలిచి తనవారి అతిని విమర్శించడానికి వేరొక రకమైన ధైర్యం కావాలి. ఒకనాడు తనపై రుద్దిన భాషను కాదన్న బాలిక, తనకు ఇష్టమైన భాషను ఇతరులపై రుద్దే సందర్భం వచ్చినప్పుడు కూడా అదే న్యాయాన్ని పాటించారు. ఆ ప్రసంగాన్ని ఆమె చేసినది ఆంగ్లంలోనే కావడం విశేషం.

స్వాతంత్ర్యానంతరం 1952 ఎన్నికలలో ఆమెకు పరాజయం ఎదురైంది. అయినా ప్రజాసేవ ఆగలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమితులయ్యారు. 1953లో ఆర్థికవేత్త, నాటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో స్త్రీ విద్యపై కేంద్రప్రభుత్వం నియమించిన జాతీయ సంఘానికి అధ్యక్షత వహించి, బాలికల చదువుకు అడ్డు తగులుతున్న కారణాలను పరిశీలించారు. వసతిగృహం లేదన్న కారణంతో ఒకనాడు ద్వారం వద్ద నిలిచిపోయిన విద్యార్థిని, ఇప్పుడు దేశంలోని బాలికలందరి కోసం ఆ ద్వారాలను పరిశీలించే స్థానంలో ఉన్నారు. 1975లో భారతప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1981 మే 9న ఆమె పరమపదించారు.

దుర్గాబాయి జీవితాన్ని చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. ఆమె ప్రశ్నించినవారి వరుసలో పెద్దలు, అధికారులు, సహచరులు అందరూ ఉన్నారు. ఆ వరుసలో తనకు కూడా ఆమె చోటు ఇచ్చారు. చదువు మానిన నిర్ణయాన్ని తిరిగి పరిశీలించుకొని ఉండకపోతే ఆమె న్యాయవాది అయ్యేవారు కాదు. రాజ్యాంగ సభలో ఆ వాదనలు వినిపించేవీ కావు. మనం గట్టిగా నమ్మే అభిప్రాయాలలో ఏవి అనుభవంలోనుండి వచ్చినవి, ఏవి పరిసరాలనుండి అడుగకుండానే అంటుకొన్నవి అని విచారించుకొనడం విద్యార్థి దశలోనే అలవడాలి. అలా విచారించుకొన్న తరువాత నిలిచిన మాటను నిర్భయంగా పలకాలి. ఆ మాట వలన మేలు తనకొక్కరికేనా, తనతోపాటు నిలబడలేకపోయినవారికి కూడానా అని చూసుకోవాలి. వాల్తేరులో కొందరు యువతుల కోసం వెలసిన ఆ వసతిగృహం ఈ మూడు పనులకూ సాక్ష్యంగా నిలిచి ఉంది.